డిప్లొమా అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే క్వాంటిటీ సర్వేయర్ కాగలనా?

నల్గొండలో డిప్లొమా సివిల్ పూర్తిచేసిన తమ్ముడి సందేహం ఇదీ: ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాలా, ఏడాది అప్రెంటిస్‌గా చేసి క్వాంటిటీ సర్వేయింగ్ (కట్టడం పనుల కొలతలు, ఖర్చు లెక్కలు చూసే పని) వైపు వెళ్ళాలా, లేక అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేస్తే సరిపోతుందా?

నేను రెండోది చేశాను. వనపర్తిలో రాజుగారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, జడ్చర్ల దగ్గర హాస్టల్ భవనాలు కడుతున్న ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాను. ఇప్పుడు బిల్లింగ్ పనిలోనే ఉన్నాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర పెద్ద కంపెనీల్లో తప్ప క్వాంటిటీ సర్వేయర్ అనే పేరు పెద్దగా వినపడదు. సైట్‌లో ఆ పని చేసేవాణ్ని బిల్లింగ్ ఇంజనీర్ అంటారు. ఉద్యోగం వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతుకు. మా ఊళ్ళో నేను సర్వేయర్ అయ్యానని తెలిసి ఇద్దరు ఇంటికొచ్చారు, పొలం గట్టు కొలిచి పంచాయితీ తెంపమని! మనం కొలిచేది భూమిని కాదు, కట్టుబడిని. పని మొదలవకముందు డ్రాయింగ్ చూసి కాంక్రీటు ఎంత, స్టీల్ ఎంత, ఖర్చెంత అని తేల్చాలి. పని నడుస్తుంటే ఎంత అయిందో కొలిచి, అప్పటిదాకా అయిన పనికి రన్నింగ్ బిల్లు పెట్టాలి. మధ్యలో ఓనర్ మనసు మారి గోడ జరిపితే దాని లెక్క వేరే.

ఈ కొలతల విలువ నాకు కాలేజీలో కంటే ముందు ఇంట్లోనే తెలిసింది. మా నాయన పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు ఎక్కడెక్కడికో పోయినవాడు. మట్టి పని కూలి గుంతల కొలత మీద ఇచ్చేవారు. తవ్వకముందు నేల ఎంత ఎత్తుందో తెలియడానికి గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మను తవ్వకుండా వదిలేస్తారు. దాని ఎత్తే లోతు లెక్క. ఆ దిమ్మను నేల పల్లంగా ఉన్నచోట వదిలితే లోతు తక్కువ పడుతుంది, మిట్ట మీద వదిలితే ఎక్కువ పడుతుంది. "దిమ్మ యాడ నిలబెడుతరో ఆడ్నే మన కూలి తేలుతది" అనేవాడు నాయన. మట్టి పని కొలతల మీద ఇంతకంటే మంచి పాఠం నాకెవరూ చెప్పలేదు.

ఇక అప్రెంటిస్ వివరాలు. ఇది 1961 అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. డిప్లొమా, డిగ్రీ వాళ్ళు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ వెబ్‌సైట్ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. శిక్షణ ఏడాది. 2019 నిబంధనల ప్రకారం మా బ్యాచ్‌కు కనీస స్టైపెండ్ నెలకు 8,000 రూపాయలు, డిగ్రీ వాళ్ళకు 9,000. జడ్చర్లలో రూమ్ కిరాయి, తిండి పోతే ఏమీ మిగల్లేదు. అదీ మా కంపెనీలో ఒకసారి మూడు నెలలు ఆగింది, ఆ మూడు నెలలూ ఇంటి నుంచే తెప్పించుకున్నాను. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: ఈ చట్టం కింద ఒకసారి ఏడాది చేసేస్తే మళ్ళీ అప్రెంటిస్‌గా చేరడం కుదరదు. అందుకే ఏ సైట్ దొరికితే ఆ సైట్‌కు పోకు.

నాకు మొదటి నాలుగు నెలలు దాదాపు వృథా అయ్యాయి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, గేటు దగ్గర కంకర టిప్పర్ల చలాన్లు రాసుకోవడం, సార్లకు టీ చెప్పడం, ఇవే పనులు. టిప్పర్ లోపల టేపు పెట్టి కొలవడం మాత్రం అప్పుడే వచ్చింది. చలాన్ మీద రాసింది, బండిలో ఉన్నది ఒకటి కావని కూడా అప్పుడే తెలిసింది. అయిదో నెలలో బిల్లింగ్ చూసే సారు సెలవు మీద పోతే, ప్లాస్టరింగ్ కొలతలు రాయమని నన్ను కూర్చోబెట్టారు.

అక్కడే దెబ్బతిన్నాను. ఒక బ్లాక్‌లో 40 కిటికీలు, ఒక్కోటి 1.2 మీటర్లు బై 1.5, అంటే 1.8 చదరపు మీటర్లు. గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంది కాబట్టి కిటికీ సందును రెండు వైపులా తీసేశాను. నా లెక్క నాకు బాగానే కనపడింది. సాయంత్రం ప్లాస్టరింగ్ మేస్త్రీ వచ్చాడు. చదువుకోలేదు, కానీ గోడ మీద సుద్దతో రాసుకున్న లెక్క ఉంది ఆయన దగ్గర. "ఏం పిలగా, కిటికీ అంచులు మేం పూయలేదా? వాటి పైసలు ఎవలిస్తరు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

రాత్రి ఐఎస్ 1200 (కట్టడం పనులు ఎలా కొలవాలో చెప్పే భారతీయ ప్రమాణాల కోడ్) పన్నెండో భాగం, ప్లాస్టరింగ్‌ది, తెరిచి చూశాను. సందు 0.5 చదరపు మీటర్ల లోపు ఉంటే ఏమీ తీయకూడదు. 0.5 నుంచి 3 దాకా ఉంటే ఒక వైపే తీయాలి, అంచుల పూతకు విడిగా ఇవ్వక్కర్లేదు. 3 దాటితే రెండు వైపులా తీసి, అంచులు కలపాలి. ఆ పనికి ఒప్పందం ఈ కోడ్ ప్రకారమే ఉంది. మా కిటికీ 1.8 కాబట్టి ఒక వైపే తీయాలి. రెండో వైపు కూడా తీసి నేను ఆ గుంపుకు 72 చదరపు మీటర్లు ఎగ్గొట్టాను. వాళ్ళ భాషలో 775 అడుగులు. మర్నాడు నా కొలతలు కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్ళీ రాశాను. ఎం.బుక్కులో, అంటే కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కులో, తప్పు పోతే చెరపకూడదు, కింద రాసింది కనపడేలా అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టాలి. అదీ ఆ రోజే నేర్చుకున్నాను.

మూడు నెలల కోర్సు మీద నాకు అందుకే అంత నమ్మకం లేదు. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీస్తే కొలతలు అదే ఇస్తుంది, నిజమే. కిటికీ అంచుల డబ్బు ఎవరివ్వాలో అది చెప్పదు. కోర్సు చేయాలనుకుంటే ఏడాది సైట్ చూశాక చెయ్యి, అప్పుడు సగం ఫీజు విలువైనా వసూలవుతుంది.

ఈలోగా ఎక్సెల్, ఆటోకాడ్ ఇంటి దగ్గరే కూర్చుని పట్టుకోవచ్చు. స్టీల్ బరువు లెక్క నోటికి రావాలి: వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం చువ్వ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల నిండు చువ్వ 10.67 కిలోలు. ల్యాప్‌లు (చువ్వ మీద చువ్వ అతికే చోట ఎక్కువ పట్టే పొడవు) కలపడం మరిచిపోతే స్లాబ్ రోజు చువ్వలు తక్కువపడతాయి, ఫోన్లన్నీ నీకే వస్తాయి. యూనిట్ల గందరగోళానికి కూడా సిద్ధంగా ఉండు. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో, మేస్త్రీ అడుగుల్లో, బిల్లు క్యూబిక్ మీటర్లలో, ఇసుక ట్రాక్టర్లలో. ఒక క్యూబిక్ మీటర్ అంటే 35.3 ఘనపుటడుగులు. ఈ ఒక్క అంకె రోజుకు పదిసార్లు వాడతాను.

బీటెక్ వద్దని నేననను. ఇంట్లో ఫీజు కట్టగలిగితే, చదువు మీద మనసుంటే ఈసెట్ రాయి. పెద్ద కంపెనీల్లో పైకి ఎదగడానికి డిగ్రీ అడుగుతారు, నాకు ఆ లోటు ఇప్పుడు తెలుస్తోంది. మా బ్యాచ్‌లో ఒకడు అప్రెంటిస్ అయ్యాక ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకు కూర్చున్నాడు. ఆ ఉద్యోగంలోనూ ఎం.బుక్కు రాసే పని ఉంటుంది, కాబట్టి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ఇంకొకడు దుబాయ్ పోయాడు. అక్కడ క్యూఎస్ (క్వాంటిటీ సర్వేయర్) అనేది బ్రిటిష్ పద్ధతిలో విడిగా ఉండే ఉద్యోగం. కొలతల నియమాలూ మారతాయి, పోమి అనే అంతర్జాతీయ కొలతల నియమాల పుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నానని చెప్పాడు.

నీకు రెండు చోట్ల పిలుపు వచ్చిందని రాశావు కదా: దామరచర్ల వైపు ఒక పెద్ద ప్రాజెక్టు, మిర్యాలగూడలో చిన్న కాంట్రాక్టర్. పెద్ద ప్రాజెక్టు పేరు రెజ్యూమెలో బాగుంటుంది, కానీ అక్కడ నిన్ను ఏడాదంతా ఒకే స్టోరులో కూర్చోబెట్టొచ్చు. చిన్న కాంట్రాక్టర్ దగ్గర పునాది తవ్వకం నుంచి ఫైనల్ బిల్లు దాకా అన్నీ నీ చేతుల మీదుగా పోతాయి, కాకపోతే స్టైపెండ్ సంగతి ముందే కాగితం మీద రాయించుకో. సంతకం పెట్టేముందు రెండు చోట్లా ఇది అడుగు: "బిల్లులు ఎవరు రాస్తారు సార్, వారానికి రెండు రోజులు ఆయన దగ్గర కూర్చోనిస్తారా?" ఎవరు సరేనంటే అక్కడ చేరు. ఇద్దరూ సరేనంటే నేనైతే మిర్యాలగూడకే పోతాను.