ఒక్కరి వంటకు వారానికి ఎంత పెట్టుకోవాలి?

ప్రశ్న: నల్గొండలో ఒక ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. వయసు 25. చేతికి 23,000 వస్తుంది. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఈమధ్యే హాస్టల్ ఖాళీ చేసి ఒక గది కిరాయికి తీసుకున్నాను. కిరాయి 5,000, ఇంటికి 4,000 పంపిస్తాను. సొంతంగా వండుకుంటే నాలుగు పైసలు మిగులుతాయనుకున్నాను. కానీ తిండికే నెలకు 8,600 అవుతోంది. తెచ్చిన కూరగాయల్లో సగం పారేస్తున్నాను. వారానికి ఎంత పెట్టుకుంటే సరిపోతుంది? ఈఎంఐలో ఫ్రిజ్ కొంటే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: వారానికి 700 రూపాయలు. ముందు ఈ అంకె రాసిపెట్టుకోండి. అది ఎలా వచ్చిందో చెబుతాను.

లేఖతో పాటు మీరు పంపిన రెండు నెలల ఫోన్‌పే లెక్కలు, సూపర్ మార్కెట్ బిల్లు చూశాను. 8,600లో నెల మొదట్లో తెచ్చే సామాను 3,400. కూరగాయలు, పాలు, గుడ్లు 2,000. మిగతా 3,200 టిఫిన్ బండ్లకు, కర్రీ పాయింట్లకు, పార్శిళ్లకు పోయింది. ఈ 3,200లో ఎక్కువ భాగం సోమవారం నుంచి గురువారం లోపు, రాత్రి ఎనిమిది దాటాక కట్టినవే. ఆదివారం సరదాగా తిన్న బిర్యానీ ఖర్చు చాలా తక్కువ. అంటే మీరు నోరు కట్టుకోలేక ఖర్చు పెట్టడం లేదు. రోజంతా ల్యాబులో నిలబడి వచ్చి, స్టవ్ వెలిగించే ఓపిక లేక కొంటున్నారు. కాబట్టి బయట తినడం మానేయమని చెప్తే మీ ఇబ్బంది తీరదు. ఓపిక లేని రాత్రికి ఇంట్లో ఏముండాలన్నదే మనం ఆలోచించాల్సింది.

ఇంకో మాట. తిండికి ఇంత పెడుతున్నానని మీరు సిగ్గుపడుతూ రాశారు. అక్కర్లేదు. 2023-24 కేంద్ర గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో ఇంటి ఖర్చులో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. మీరు తినేది ఎక్కువేం కాదు, కొనే తీరు మార్చుకుంటే చాలు.

ఇప్పుడు బిల్లు సంగతి. అందులో 5 లీటర్ల నూనె డబ్బా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 2,000 క్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చాలు. నెలకు 810 గ్రాములు. మీ డబ్బాలో ఉన్నది దాదాపు నాలుగున్నర కిలోలు, అంటే అయిదున్నర నెలలకు సరిపడా. మూత తీసిన నూనె మన ఎండలకు అన్నాళ్లు నిలవ ఉంటే వాసన పట్టేస్తుంది. లీటరుకు నాలుగు రూపాయలు కలిసొచ్చిందని కొన్న డబ్బా చివరికి నష్టమే. అదే బిల్లులో 5 కిలోల గోధుమపిండి, ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న నూడుల్స్ ఉన్నాయి. ఈ ఆఫర్లు నలుగురున్న ఇంటికి పనికొస్తాయి. ఒక్క మనిషికి కలిసిరావు.

లీటరు ప్యాకెట్ కొనేటప్పుడు కూడా బరువు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగాలి. చూడ్డానికి అలాగే ఉండే 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా అదే అరలో ఉంటాయి. ఎంఆర్‌పీ పక్కనే చిన్న అక్షరాల్లో యూఎస్‌పీ అని ఒక ధర ఉంటుంది. గ్రాముకు, కిలోకు లేదా లీటరుకు ఎంత పడుతుందో అది చెబుతుంది. అలా ముద్రించాలన్న నిబంధన ఉంది. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి, ఆ ధర రెండింటి మీదా ఒకే కొలతకు ఉందో లేదో చూసుకుని పోల్చుకుంటే చాలు.

బియ్యం విషయానికొస్తే, ఇంటి రేషన్ కార్డులో మీ పేరు ఇంకా ఉంటే మీ వాటా 6 కిలోల సన్నబియ్యం ప్రతి నెలా అక్కడ వస్తూనే ఉండాలి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం అదే. పైన చెప్పిన పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో ధాన్యాలు రోజుకు 250 గ్రాములు అన్నారు, నెలకు ఏడున్నర కిలోలు. ఊరి నుంచి ఆ ఆరు కిలోలు తెచ్చుకుంటే మీరు కొనాల్సింది కిలోన్నర జొన్నపిండో గోధుమపిండో మాత్రమే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, మీకు టికెట్ ఖర్చు లేదు కాబట్టి బియ్యం సంచికి దారి ఖర్చూ ఉండదు. అమ్మను అడగడానికి మొహమాటం దేనికి? ఇంటికి నెలకు 4,000 పంపిస్తున్నారు.

బియ్యం ఇలా తెచ్చుకుంటే కిరాణ సామానుకు నెలకు 1,600 పెట్టుకోండి: లీటరు నూనె, కిలో కందిపప్పు, అర్ధకిలో పెసరపప్పు, ఉప్మా రవ్వ, పల్లీలు, చింతపండు, ఉప్పు, కారం, చాయ్‌పత్తి, చక్కెర. సబ్బులు, షాంపూలు తిండి లెక్కలో కలపొద్దు. ఇప్పుడు కలిసిపోయి ఉన్నందుకే ఆ బిల్లు మీకు అర్థం కావడం లేదు.

వారం 700తో కొనేవి పాడైపోయే సరుకులు: కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, చికెన్. మీరు ఇప్పుడు వీటికి వారానికి 465 దాకా పెడుతున్నారు. నేను పెంచమంటున్నాను. ఇక్కడ పెంచితేనే రాత్రి పార్శిల్ తగ్గుతుంది. రోజుకు 400 గ్రాముల చొప్పున వారానికి 2.8 కిలోల కూరగాయలు కావాలి. ఒకేసారి తేవద్దు. ఆదివారం సగం, గురువారం సగం తెండి. తెచ్చిన రోజు, మర్నాడు పాలకూర, పుంటికూర వండేయండి. తర్వాత బెండ, బీర. ఆఖరికి దోసకాయ, ఆలుగడ్డ. మీరు పారేస్తున్నదంతా ఆకుకూరలు, టమాటాలే అయి ఉంటాయి, ఈ వరుస పాటించండి.

ఒంటరిగా కొనేవాళ్లకు ఇంకో చిక్కుంది. కిలో 40 అన్న కూరగాయను పావుకిలో అడిగితే 10కి రాదు, 15 అంటారు. రైతుబజారులో ధరల బోర్డు చూసి, కిలో లెక్కన పావుకు ఎంతో అక్కడే అడగండి. లేదా పక్క గదిలో ఉండేవాళ్లతో కలిసి కిలో కొని పంచుకోండి. టమాటా ధర కొండెక్కితే ఆ వారం చింతపండుతో పచ్చిపులుసు, పప్పుచారు చేసుకోండి. రేటు పెరిగిందని 700 పెంచొద్దు.

ఇక రాత్రుల సంగతి. గుడ్లు, రవ్వ, పెసరపప్పు ఈ మూడూ ఇంట్లో ఎప్పుడూ అయిపోకూడదు. గుప్పెడు పెసరపప్పు, గ్లాసు బియ్యం, ఒక ఉల్లిగడ్డ కుక్కర్‌లో వేసి స్నానానికి వెళ్తే మీరు వచ్చేసరికి కిచిడీ అయిపోతుంది. పార్శిల్ కోసం నిలబడే సేపు కూడా పట్టదు. అయినా ఒక్కోరోజు ఒంట్లో చేతకాదు. అందుకే బయటి తిండికి నెలకు 1,200 ఉంచాను, దాన్ని తీసేయలేదు.

మొత్తం లెక్క: కిరాణ సామాను 1,600, బయటి తిండి 1,200, వారం డబ్బు. చాలామంది నెలకు నాలుగు వారాలని లెక్కేసుకుని ఆఖరి రెండు రోజులు అప్పు చేస్తారు. నెలంటే 4.3 వారాలు. 700 చొప్పున 3,010. అన్నీ కలిపి 5,810. ఇప్పటి 8,600 కన్నా 2,790 తక్కువ.

వారం డబ్బు విడిగా ఉండాలి. ఫోన్‌లో యూపీఐ లైట్ (చిన్న చెల్లింపులకు విడిగా డబ్బు వేసుకునే పర్సు లాంటిది) తెరిచి ప్రతి ఆదివారం 700 వేసుకోండి. కూరగాయలకు, పాలకు అందులోంచే కట్టండి. ఒక్కో చెల్లింపు 1,000 దాకా పిన్ లేకుండా వెళ్తుంది. దానంతట అదే డబ్బు నిండే సదుపాయం మాత్రం ఆపేయండి, లేకపోతే హద్దు ఉన్నట్టే ఉండదు.

ఫ్రిజ్ ఇప్పుడే వద్దు. ఈఎంఐలో అసలే వద్దు. వడ్డీ లేదన్న ఈఎంఐకి కూడా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ లాంటివి తగులుతాయి. రెండు విడతల్లో తెచ్చుకుంటే చలికాలం, వానాకాలం ఫ్రిజ్ లేకుండానే గడుస్తాయి. నల్గొండ ఎండాకాలం వేరు, అప్పుడు అది విలాసం కాదు, ఒప్పుకుంటాను. మిగిలే 2,790ని విడిగా దాచుకుంటే అయిదు నెలల్లో 14,000 దగ్గరికి వస్తుంది. ఒక తలుపు ఫ్రిజ్‌ను నగదుకే కొనుక్కోవచ్చు. ఆ తర్వాత అదే 2,790ని అత్యవసర నిధికి మళ్లించండి.

నాలుగు వారాలు నడిపి చూడండి. 700 చాలకపోతే 750 చేసుకోండి, ఆ పెంచినంత బయటి తిండి 1,200లోంచి తీయండి.