పెళ్లి నిలబడటానికి ఏం చూసుకోవాలి? కోర్టు వరండాలో, మా ఇంట్లో నేను చూసింది

ప్రేమ పెళ్లి గట్టిదా, పెద్దలు కుదిర్చింది గట్టిదా, అసలు ఏముంటే పెళ్లి నిలబడుతుంది అని అడిగారు. విజయవాడలో ఒక లాయరు గారి దగ్గర ఆరేళ్లు జూనియర్‌గా ఉన్నాను. ఫ్యామిలీ కోర్టు పనంతా నా నెత్తినే పడేది. నా పెళ్లయి కూడా పంతొమ్మిదేళ్లు దాటింది.

జాతకాల సంగతి ముందే తేల్చేద్దాం. 36 పాయింట్లలో 18 వస్తే చాలంటారు. ముప్ఫై పాయింట్లు దాటిన జంటల విడాకుల పిటిషన్లు కూడా నా చేత్తోనే వేశాను. ప్రేమ పెళ్లిళ్లకు వచ్చే ఇబ్బంది ఒక్కటే: గొడవైతే "నువ్వే కదా ఏరికోరి చేసుకున్నావు" అనేస్తారు పుట్టింట్లో.

పిటిషన్‌లో రాసేది వేరు, వరండాలో వినపడేది వేరు. చట్టంలో 'క్రూరత్వం' అన్న మాట ఉంది గనక అన్నీ దాని కింద సర్దేస్తాం. బెంచీ మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగితే అసలువి బయటికొస్తాయి. "ఆయన జీతమెంతో నాకు ఇప్పటికీ తెలీదండీ." "మేం రాత్రి అనుకున్న మాట పొద్దున్నకల్లా వాళ్ల అమ్మగారికి తెలిసిపోద్ది." "నా గాజులు తాకట్టులో ఉన్నాయని మా తోడికోడలు చెబితే తెలిసింది." గాజులు పోయినందుకు ఆవిడ అంతగా ఏడవలేదు. తోడికోడలికి తెలిసి తనకు తెలియకపోయిందే అని ఏడ్చింది.

(కొట్టే మొగుడికి ఈ కబుర్లేవీ వర్తించవు. అక్కడ సర్దుకుపొమ్మని ఎవరు చెప్పినా వినొద్దు. 2005 నాటి గృహహింస చట్టం ఉంది, వాడుకోండి.)

ఒక జంట గుర్తుంది. పరస్పర అంగీకారంతో విడాకులు, అంటే హిందూ వివాహ చట్టంలోని 13బి. ఏడాదైనా విడిగా ఉన్నాకే పిటిషన్ వేయాలి, వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. కలిసే ఆశే లేదనుకుంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఇది అంతకు ముందు మాట. మొదటి వాయిదాకు రెండు వైపులా చెరో కారు నిండా మేనమామలు, బాబాయిలు దిగారు. వాళ్లిద్దరినీ ఒక్క ముక్క మాట్లాడుకోనివ్వలేదు. ఆరు నెలలయ్యేసరికి పెద్దలకు విసుగొచ్చి ఎవరూ రాలేదు. పిలుపు వచ్చేదాకా మూడు గంటలు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం ఆ అబ్బాయి వచ్చి, "సార్, వెనక్కి తీసుకోవచ్చా?" అన్నాడు. మా సీనియర్‌కు ఫీజు పోయింది!

ఇక నా సంగతి. 2011లో మా బావకు అరవై వేలు ఇచ్చాను, ఇంట్లో చెప్పకుండా. మా ఆవిడ వద్దంటుందేమోనని భయం. నా ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూసి తెలుసుకుంది. పోట్లాడి ఉంటే బాగుండేది. నాలుగు రోజులు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. అయిదో రోజు, "అన్నయ్యగారికి ఇస్తానంటే నేను వద్దంటానా? అడిగి చూశారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వాయిదాలకు తిరిగేవాళ్లకు రోజూ నీతులు చెబుతున్నది నేనే మరి.

అప్పటి నుంచి వంటింట్లో గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే, ఎవరికి ఎంత ఇచ్చామో రాస్తున్నాం. మా అమ్మ మందులు, వాళ్ల తమ్ముడి ఫీజు, చీటీ డబ్బులు, అన్నీ. గొడవలు ఆగిపోయాయని చెప్పను, నెల మొదటివారంలో గట్టిగానే అవుతాయి. కాకపోతే ఇద్దరం ఒకే అంకె చూసి పోట్లాడుకుంటాం.

మొన్న బావ మళ్లీ అడిగాడు. ఎలా చెప్పాలా అని రెండు రోజులు నసిగాను. పొద్దున్నే కాఫీకి వెళ్లి చూస్తే, శుక్రవారం గడిలో "అన్నయ్యగారికి – 5,000" అని ఆవిడ చేతిరాత.