వాంకోమైసిన్ ఎక్కుతుండగా మెడంతా దురద: మందు మార్చాలా, వేగం తగ్గించాలా?

మీ అమ్మగారికి వెన్నెముక ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాల పాటు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారని, మొదటి డోసు ఎక్కుతుండగానే ముఖమూ మెడా వేడెక్కి దురద పెట్టాయని, ఇది ఎలర్జీయేమో, మాత్రలకు మార్చమని అడగవచ్చా అని మీరు అడిగారు. నేను వైద్యుణ్ని కాను. మా నాన్నగారికి తుంటి ఎముకలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఇదే మందును ఆరు వారాలు దగ్గరుండి పెట్టించిన అనుభవంతో రాస్తున్నాను. మీ విషయంలో నిర్ణయం మీ డాక్టరుగారిదే.

మాత్రల సంగతి ముందు చెప్తాను. వాంకోమైసిన్‌ను మింగితే పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు చేరదు. పెద్దపేగుకు వచ్చే ఒక తరహా ఇన్ఫెక్షన్‌కు తప్ప దాని క్యాప్సూళ్లు పనికిరావు. ఎముక దాకా వెళ్లాలంటే నరంలోకి ఎక్కించాల్సిందే.

ఇక దురద. మాకు రెండో రోజు రాత్రి, వార్డంతటికీ ఒక్క సిస్టరే ఉండడంతో, ఆవిడ తొందరలో డ్రిప్ చక్రాన్ని బాగా వదిలేశారు. రెండు గంటలు పట్టాల్సిన మందు అరగంటకే సగానికి పైగా అయిపోయింది. నాన్నగారు మెడ వెనక గోక్కుంటూ, చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుందన్నారు. ఆయనది నలుపు కాబట్టి ఎరుపేమీ నాకు కనిపించలేదు. చెవి తమ్మె ముట్టుకుంటే మాత్రం కాలిపోతోంది. డ్యూటీ డాక్టరు వచ్చి డ్రిప్ ఆపి, దురదకు ఇంజెక్షన్ ఇచ్చి, ఇది ఎలర్జీ కాదని, మందు వేగంగా ఎక్కినప్పుడు ఒంట్లోని కొన్ని కణాలు నేరుగా హిస్టమిన్‌ను వదలడం వల్ల వచ్చే ప్రతిచర్య అని వివరించారు. మర్నాటి నుంచి రెండున్నర గంటల పాటు ఎక్కించారు. మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు. సాధారణంగా పాటించే హద్దు ఏమిటంటే నిమిషానికి 10 మిల్లీగ్రాములకు మించకూడదు, ఎంత చిన్న డోసైనా గంటకు తగ్గకూడదు. అంటే ఒక గ్రాముకు కనీసం 100 నిమిషాలు. మాకు పెట్టిన సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు, సీసాలో 250 మిల్లీలీటర్లు. కాబట్టి గడియారం చూసుకుంటూ పావు నిమిషానికి ఎనిమిది చుక్కలు లెక్కపెట్టేవాణ్ని. ఎక్కువ పడితే సిస్టర్‌ను పిలిచేవాణ్ని గాని, చక్రం మీద నేను చెయ్యి వెయ్యలేదు.

అయితే ఊపిరి ఆడకపోయినా, నాలుకో పెదవులో వాచినా, కళ్లు తిరిగినా అది వేగం వల్లనా, నిజమైన ఎలర్జీనా అని మీరు తేల్చుకోవాలని చూడకండి, వెంటనే పిలవండి. కాన్యులా (నరంలో పెట్టిన చిన్న గొట్టం) దగ్గర మంట, వాపు కనిపించినా చెప్పాలి, ఎందుకంటే ఈ మందు నరాన్ని ఒరుస్తుంది. నాలుగు రోజుల్లో మూడు నరాలు పాడయ్యాకే మాకు పై చేతిలోంచి పిక్ లైన్ (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్లే పొడవాటి సన్న గొట్టం) వేశారు.

దురద కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది కిడ్నీ. రెండో వారంలో నాన్నగారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) 0.9 నుంచి 1.4కు పెరిగింది. కారణం వెతికితే, నడుం నొప్పికని ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మాత్రలు దిండు కింద దొరికాయి. వాటిని మాన్పించి, డోసు తగ్గించాక పది రోజుల్లో పాత అంకెకు వచ్చింది. మీ అమ్మగారు వాడే ప్రతి మాత్రనూ, ముఖ్యంగా నొప్పి మాత్రలను, డాక్టరుకు చూపించండి. 1958లో అమెరికాలో అనుమతి పొందిన తొలి రోజుల్లో ఈ మందు మలినాలతో గోధుమరంగులో ఉండేదట, మిసిసిపీ బురద అని పిలిచేవారట. కిడ్నీల విషయంలో దీనికున్న చెడ్డపేరులో కొంత అప్పటిదే. కానీ కొంత ఇప్పటిదీ.

అందుకే రక్తంలో మందు స్థాయి చూస్తారు. ఒకప్పుడు తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో, తరువాతి డోసుకు ముందు తీసిన రక్తంలో మిల్లీలీటరుకు 15 నుంచి 20 మైక్రోగ్రాముల మందు ఉండాలనేవారు. 2020 మార్గదర్శకాల తర్వాత 24 గంటల పాటు రక్తంలో ఉన్న మందు మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతి వైపు మొగ్గుతున్నారు. మీకు ఏ పద్ధతి పాటించినా, నమూనా తీసిన సమయాన్ని సరిగ్గా రాయించండి, మందు ఎక్కే లైన్లోంచి కాకుండా రెండో చేతి నుంచి తీయమనండి. మాకు ఒకసారి అదే లైన్లోంచి తీసేసరికి స్థాయి లేనంత ఎక్కువగా చూపించి, ఒక డోసు అనవసరంగా ఆగిపోయింది.

కల్చర్ రిపోర్టు (ఏ బాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష) వచ్చిందో లేదో కూడా అడగండి. అందులో స్టాఫ్ (స్టెఫిలోకాకస్) బాక్టీరియా ఉండి, అది మామూలు మందులకు లొంగేదే అయితే సెఫజోలిన్ లాంటివి వాంకోమైసిన్ కంటే బాగా పనిచేస్తాయి. లొంగని రకమైతే మాత్రం ఈ మందును తేలిగ్గా వదులుకోలేరు. అందుకే, కేస్ షీట్‌లో ఎలర్జీ అని ఎవరైనా రాసేలోపు, మొదటి డోసు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిందో చూడమని రేపటి రౌండ్స్‌లో డాక్టరుగారిని అడగండి.