ఆ ఆటగాడెవరో తెలిసీ బావమరిదికి చెప్పలేదు

ప్రశ్న: నా వయసు 36. డాలస్ శివార్లలో ఉంటాం. ఆరేళ్లుగా మంగళవారాలు పూల్ లీగ్ (బల్ల మీద క్యూ కర్రతో బంతుల్ని పాకెట్లలోకి కొట్టే ఆట) ఆడుతున్నాను, ఎయిట్ బాల్‌లో నా లెవల్ 5. మా ఆవిడ తమ్ముడు ఎమ్మెస్ అయ్యాక ఇక్కడే ఓపీటీ మీద, అంటే చదువు తర్వాత ఇచ్చే తాత్కాలిక పని అనుమతి మీద, ఉద్యోగంలో చేరాడు. ఆట నేనే నేర్పించాను. పోయిన నెల మా హాల్‌కి ఒక కొత్త మనిషి వచ్చాడు, లారీ నడుపుతానని చెప్పాడు. నేను చూడగానే గుర్తుపట్టాను. జనవరిలో డెర్బీ సిటీ క్లాసిక్ అనే పెద్ద పూల్ టోర్నమెంట్ చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ అర్ధరాత్రి వేల డాలర్ల ఆటలు ఆడుతూ కనిపించాడు. మా బావమరిదితో రెండు రోజులు చిన్న పందేలు ఆడి ఓడాడు. శనివారం రాత్రి నైన్ బాల్ (తొమ్మిదో బంతి వేసినవాడిదే గేమ్), ముందు ఏడు గేములు గెలిచినవాడిదే సెట్టు, మావాడికి రెండు గేములు ముందే ఇచ్చాడు. 300, తర్వాత 600, తర్వాత 1,200. మూడూ పోయాయి. ఆఖరి 1,200 రూమ్మేట్ దగ్గర అప్పు. పక్కవాడి ఆట చెడగొట్టకూడదన్నది హాల్ మర్యాద కాబట్టి నేను నోరు విప్పలేదు. పాతవాళ్లు నన్ను మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఎవరో మావాడికి చెప్పారు, ‘మీ బావకి ముందే తెలుసు’ అని. మా ఆవిడ ‘మీ సొంత తమ్ముడైతే ఇలాగే ఊరుకునేవారా’ అని అడిగి, మాట్లాడటం మానేసింది. మామయ్యగారికి ఫోన్ చేస్తానంటోంది. నేను చేసింది తప్పా? ఇంకో సంగతి, ఆ రాత్రి వెళ్లేముందు అతని వెంట ఉన్న మనిషి నా చేతిలో 100 డాలర్లు పెట్టాడు. అది ఇంట్లో ఇంకా తెలీదు.

జవాబు: ‘ఇంకో సంగతి’ అంటూ చివర్లో రాసిందే అసలు సంగతి. దానికి వస్తాను. ముందు మీరు అడిగిన మర్యాద గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ నియమం మీరు చెప్పినంత గట్టిదే, కానీ మీ ఇంటి మనిషికి అది వర్తించదు.

బేరం కుదురుతున్న ఆటలో మూడోవాడు దూరి ‘వీడి అసలు ఆట నీకు తెలీదు’ అని చెప్పడాన్ని అమెరికా పూల్ హాళ్లలో నాకింగ్ అంటారు. అలా చెప్పేవాడు నాకర్. అది మంచి పేరు కాదు. పేకాటలో ముక్కలు చూసినవాడు నోరు మెదపకూడదని మనవాళ్లు అనుకుంటారు కదా, ఇదీ ఆ జాతి నియమమే. దాని వెనుక కారణాలున్నాయి. పందెం ఆటలో బేరం సగం ఆట. ఎవరికి ఎన్ని గేములు ముందివ్వాలి, ఎనిమిదో బంతి వేసినా గెలుపే అని ఒప్పుకోవాలా, బ్రేక్, అంటే మొదటి దెబ్బ, ఎవరిది అని ఇద్దరూ గంటలకొద్దీ లాగుతారు. ఇద్దరూ తమ వేగాన్ని, అంటే అసలు ఆట స్థాయిని, దాచుకునే మాట్లాడతారు. స్థానికుడేమీ అమాయకుడు కాదు, తనకన్నా తక్కువవాడు దొరికాడనుకునే దిగుతాడు. పక్కన నిలబడ్డవాడికి ఒక్క డాలరు నష్టం లేదు, ఒక్క మాటతో అందరి ఏర్పాటూ పోతుంది. పైగా అడ్డుపడేవాళ్లలో సగం మందికి ధర్మచింత ఉండదు. ఆ ఆట తమకే కావాలి, లేదా వేరేవాడికి ఇప్పించి కమిషన్ తీసుకోవాలి. నాకర్‌ని అసహ్యించుకోవడానికి ఇది పెద్ద కారణం.

వేగం దాచడాన్నే కాదు, పేరు దాచడాన్ని కూడా ఆ లోకం తప్పుగా చూడదు. 1985లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పూల్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ మీ టెక్సాస్‌లోనే, హ్యూస్టన్‌లోని రెడ్స్ హాల్లో, సీజర్ మొరాలెస్ అనే పేరుతో టోర్నమెంట్ ఆడి గెలిచాడు. అదేదో ఘోరమని చెప్పుకోరు, నవ్వుతూ చెప్పుకుంటారు. అయితే ఇద్దరు కూడబలుక్కుని ఒకడు కావాలని ఓడి, పక్క పందేలు కట్టినవాళ్ల డబ్బు పంచుకోవడం మాత్రం మోసం. లీగ్‌లో లెవల్ తగ్గించుకోవడానికి కావాలని ఓడటమూ మోసమే. మీ లెవల్ 5 అంటే ఏపీఏ (అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్) లీగ్ పద్ధతే అనుకుంటాను, ఎయిట్ బాల్‌లో 2 నుంచి 7 దాకా. అక్కడ నోరు మూసుకోవడం మర్యాద కాదు, లీగ్ ఆపరేటర్‌కి చెప్పడం మీ పని.

మరి మీ శనివారం రాత్రి? ఆ నియమం కట్టడి చేసేది ఆటలో ఏ సంబంధమూ లేని మూడోవాణ్ణి. మీరు మూడోవారు కాదు. ఆ కుర్రాడికి క్యూ పట్టుకోవడం నేర్పింది మీరు, హాల్‌కి తీసుకెళ్లింది మీరు. ఎవరైనా తన మనిషిని పక్కకు పిలిచి ‘ఈ ఆట వద్దు’ అంటే దాన్ని ఏ హాల్లోనూ నాకింగ్ అనరు. స్టేక్‌హార్స్, అంటే వెనకుండి డబ్బు పెట్టేవాడు, తన ఆటగాడికి చెప్పుకోడూ? అన్న తమ్ముడికి చెప్పుకోడూ? పాతవాళ్లు మిమ్మల్ని మెచ్చుకున్నారంటే వాళ్లలో ఎవరో ఆ రాత్రి పక్క పందెం గెలిచారని నా అనుమానం.

చెప్పే తీరు ఉంది, అది తెలియకే చాలామంది మూగనోము పడతారు. పందెం డబ్బు ఎవరి చేతికో, టేబుల్ పైన దీపం మీదికో ఎక్కకముందే చెప్పాలి. నలుగురిలో కాదు, కారు దగ్గరికి పిలిచి. ఒకే మాట: ‘వాడు రెండు రోజులుగా నీకు చూపించినది వాడి ఆట కాదు, నువ్వు ఆడొద్దు.’ డెర్బీలో చూశాను, ఫలానా పేరు అని పురాణం విప్పొద్దు. ముఖం పోలిక పొరపాటైతే ఒక మనిషి బతుకుతెరువు చెడగొట్టినవారవుతారు. పైగా కుర్రాడు వెనక్కి వెళ్లి ‘మా బావ చెప్పాడు, నువ్వు ప్రొఫెషనల్‌వట’ అని అందరి ముందూ అంటే రాత్రి పార్కింగ్‌లో సమాధానం చెప్పుకోవలసింది మీరే. ఇంకో పొరపాటు, ‘ఇంకో రెండు గేములు అడుగు’ అని సలహా ఇవ్వడం. అప్పుడు మీవాడు తానే తెలివైనవాడినని నమ్మి రెట్టింపు పందెం కాస్తాడు.

సెట్టు మొదలయ్యాక మాత్రం ఒక్క సైగ కూడా చేయకూడదు. చుట్టూ పక్క పందేలు కట్టినవాళ్లుంటారు, మధ్యలో ఆట ఆగితే ఎవరి డబ్బు ఎవరిదన్న గొడవ కొట్లాట దాకా పోతుంది. కానీ సెట్టుకీ సెట్టుకీ మధ్య బేరం మళ్లీ తెరుచుకుంటుంది. ఓడినవాడు ఆపేస్తానంటే ఎవరూ ఏమీ అనలేరు. మీకు అలాంటి అవకాశం రెండుసార్లు వచ్చింది, 300 పోయాక ఒకసారి, 600 పోయాక ఒకసారి. ‘పద, ఇంటికెళ్దాం’ అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. మీరు ఎక్కువగా బాధపడవలసింది ఆ రెండో విరామం గురించి. అప్పటికి వాడి జేబు ఖాళీ, రూమ్మేట్‌కి ఫోన్ చేస్తున్నాడు. అప్పు తెచ్చిన డబ్బుతో ఆడుతున్నవాడు, తాగి ఉన్నవాడు, నిన్న మొన్న ఆట మొదలుపెట్టినవాడు పరాయివాడైనా సరే, కౌంటర్ దగ్గర హౌస్‌మన్ చెవిన వేయడం తప్పు కాదు. ఆపాలో వద్దో హాల్ నడిపేవాడు తేల్చుకుంటాడు.

ఆ ‘రెండు గేములు ముందు’ ఎంత దయో లెక్క చూద్దాం. అమెరికాలో ఆటగాళ్లను కొలిచే ఫార్గో రేటింగ్‌లో 100 పాయింట్ల తేడా అంటే ఒకడు రెండు గేములు గెలిచేలోపు రెండోవాడు ఒకటి గెలుస్తాడు. డబ్బుకోసం ఊళ్లు తిరిగేవాడు 720 దగ్గర, రెండేళ్లుగా ఆడుతున్న కుర్రాడు 480 దగ్గర ఉన్నారనుకుందాం. తేడా 240, అంటే వాడు సుమారు అయిదు గేములు గెలిచేలోపు మీవాడు ఒకటి. మీవాడు ఏడు కాకుండా అయిదు గెలిస్తే చాలన్నా, సెట్టు గెలిచే అవకాశం వందలో రెండు. ఏడుకు మూడు చాలన్నా ఆరు సెట్లలో ఒకటి. ఉదారంగా ఇచ్చినట్టు కనిపించడమే ఆ బేరంలో కిటుకు. మీ బావమరిదికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. ‘ఇంకొక్క సెట్టు ఆడుంటే తిరిగొచ్చేది’ అనే ఆలోచన దీనితో చస్తుంది, తిట్లతో చావదు.

గుర్తుపట్టడం కూడా నేర్పండి. కొత్తవాళ్లు రంగు బంతుల్నే చూస్తారు, దాచుకునేవాణ్ణి పట్టిచ్చేది క్యూతో కొట్టే తెల్లబంతి. పాకెట్ అంచున బంతి తగిలి బయటికొస్తుంది, కానీ తెల్లబంతి ఏదో బంతి చాటున నక్కి ఉంటుంది. ఆరు బంతులు సాఫీగా తీసి తొమ్మిదో బంతి దగ్గరే తడబడతాడు. ఓడిన గేముల్లో కూడా అవతలివాడికి తేలికైన షాట్ వదలడు. హాల్ క్యూతో ఆడుతున్నా కిందికి వంగే తీరు, చేతి వంతెన, ఆఖరి ఊపుకి ముందు ఆగే క్షణం ప్రతి షాట్‌కీ ఒకేలా ఉంటాయి. చేతకానివాడు తప్పులు కూడా చేతకానట్టే చేస్తాడు.

ఇక ఆ 100 డాలర్లు. గెలిచినవాళ్లు చుట్టూ ఉన్నవాళ్లకు పంచే చిల్లరని అక్కడ జెల్లీ అంటారు. మామూలుగా అది మంచి మనసుతో ఇచ్చేదే. కానీ మీరు గుర్తుపట్టారని ఆ వెంట వచ్చిన మనిషి కనిపెట్టాడు. మీకిచ్చింది ఆనందానికి కాదు, మౌనానికి. పుచ్చుకున్న క్షణంలో మీరు చూసీచూడనట్టున్న మనిషి కాకుండా, ఆట కుదిర్చిన మనిషిలా అయ్యారు. హాల్లో ఎవరైనా చూసి ఉంటే, ‘బావే బావమరిదిని అప్పగించాడు’ అనుకోవడానికి ఆ నోటు చాలు. మీవాడికి ‘మీ బావకి తెలుసు’ అని మోసినవాడు రేపు దీన్నీ మోస్తాడు.

అందుకే ఈ రాత్రే చెప్పండి. ముందు మీ ఆవిడకి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు. హాల్ మర్యాద ప్రస్తావన తేవద్దు, ఆమె అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ‘నాకు తెలుసు, చెప్పలేదు. తర్వాత 100 డాలర్లు ఇస్తే తీసుకున్నాను. రెండూ తప్పే’ అని ఆగండి. ఆమె అరిస్తే అరవనివ్వండి. ‘వాడు కూడా ఆడకుండా ఉండాల్సింది’ అనే మాట నిజమే, కానీ అది అనవలసింది మీరు కాదు, కనీసం ఈ వారం కాదు. మర్నాడు ఆమె ఎదురుగానే కుర్రాడికి చెప్పండి.

ఆ వంద మీ దగ్గర ఉంచుకోవద్దు, కుర్రాడి చేతికీ ఇవ్వొద్దు. నేరుగా రూమ్మేట్‌కి కట్టండి. మిగతా 1,100 కుర్రాడే, నెలకు 200 చొప్పున, ఆరు నెలల్లోపు తీర్చుకోవాలి. రూమ్మేట్ ఆగలేనంటే మీరు రూమ్మేట్‌కి ఇచ్చి, మీవాడు అదే లెక్కన మీకు కట్టేట్టు రాసుకోండి. తన 900 తనకు పోయినట్టే. పశ్చాత్తాపంతో మొత్తం 2,100 చేతిలో పెడితే దాన్నే పట్టుకుని ఆ మనిషి కోసం వెతుక్కుంటూ వెళ్తాడు. పోయిన డబ్బు వెంటనే తిరిగి రాబట్టాలన్న తహతహ ఉందా అన్నది జూదం మానాలనుకునేవాళ్ల సంఘం గ్యాంబ్లర్స్ అనానిమస్ వాళ్లు అడిగే 20 ప్రశ్నల్లో ఒకటి. ఆ ఇరవైనీ ఒకసారి చదివించండి. ఏడింటికి అవునని వస్తే పూల్ మాట పక్కనపెట్టి వాళ్ల సమావేశానికి తీసుకెళ్లాలి, ఖర్చేమీ ఉండదు.

మామయ్యగారికి ఫోన్ విషయం: కుర్రాడు సంపాదిస్తున్న పెద్దవాడు, తన తండ్రికి తాను చెప్పుకోవాలి. మీ ఆవిడని ఒక నెల ఆగమని అడగండి. మళ్లీ అప్పు చేసి ఆడితే మాత్రం మీరే చెయ్యండి ఆ ఫోన్.

ఒక చట్టం ముక్క, ఇద్దరికీ. టెక్సాస్‌లో ఆట మీద పందెం క్లాస్ సి నేరం, 500 డాలర్ల దాకా జరిమానా. ఇంట్లో స్నేహితుల మధ్య ఆడితే వాదించుకోవడానికి చోటుంది, నలుగురూ వచ్చే హాల్లో లేదు. జరిమానా చిన్నదేనని తీసిపారేయొద్దు. పౌరసత్వం దరఖాస్తులో సత్ప్రవర్తన చూసే కాలంలో జూదం కేసుల్లో రెండుసార్లు దోషిగా తేలితే ఆ దరఖాస్తు ఆగిపోతుంది. వీసా మీద ఉన్నవాడికి వకీలు ఖర్చే ఆ రాత్రి పోయినదానికన్నా ఎక్కువ కావచ్చు.

మంగళవారం లీగ్ మానొద్దు. హాల్‌కి పది నిమిషాలు ముందు వెళ్లి హౌస్‌మన్‌తో ఒక మాట అనండి: ‘ఎవరి ఆటలోనూ నేను వేలు పెట్టను, కానీ మా ఇంటి పిల్లవాడు టేబుల్ దగ్గరుంటే నేను చెప్తాను, ముందే చెప్తున్నాను.’ ఇది అక్కడ చెల్లే మాటే, అతను తలూపి ఊరుకుంటాడు. ఆ మాట నోటినుంచి నోటికి పోయి మీవాణ్ణి పందేనికి పిలవడం చాలామంది మానేస్తారు. ఎవరైనా మొహం మాడ్చుకుంటే, శనివారం పక్క పందెం ఎవరు గెలిచారో అప్పుడు మీకు తెలిసిపోతుంది.