కొబ్బరి తోట అమ్మి అమ్మాయిని మతాల చదువుకు పంపాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. వయసు 57. 2004కు ముందే ఉద్యోగంలో చేరాను కాబట్టి పాత పింఛను వర్తిస్తుంది. కోతలు పోను నెలకు 88 వేలు చేతికి వస్తాయి. మా అమ్మాయి విజయనగరంలో చరిత్ర, సంస్కృతం చదువుకుని బీఏ పూర్తిచేసింది. ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో రిలీజియస్ స్టడీస్‌లో ఏడాది ఎంఏకు సీటు వచ్చింది. రుసుము 21 వేల పౌండ్లు. నెలాఖరులోగా 3 వేల పౌండ్లు ముందుగా కట్టమంటున్నారు. నాకు జీపీఎఫ్ (ఉద్యోగి భవిష్య నిధి)లో 14 లక్షలు, అమ్మాయి పేరున 2015లో తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలో సుమారు 6 లక్షలు, శ్రీకాకుళంలో ఒక ఇల్లు, ఊళ్లో ఎకరన్నర కొబ్బరి తోట ఉన్నాయి. తిత్లీ తుపానుకు చెట్లన్నీ పోతే మళ్లీ నాటాము, ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. తోట అమ్మాలా, ఇల్లు తనఖా పెట్టి 30 లక్షల రుణం తీసుకోవాలా? దేవుళ్ల గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారని బంధువులు అంటున్నారు. అమ్మాయి మాత్రం పట్టు విడవడం లేదు.

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. ముందుగా మీ బంధువుల మాటకు సమాధానం చెప్పి, తర్వాత డబ్బు విషయానికి వస్తాను.

అమ్మాయి చదవాలనుకుంటున్నది పౌరోహిత్యమూ కాదు, మత ప్రచారమూ కాదు. మతాలు ఎలా పుట్టాయి, ఏ గ్రంథాలను, శాసనాలను, ఆచారాలను ఆధారం చేసుకుని నిలిచాయి, ఒకదాని నుంచి మరొకటి ఏం తీసుకుంది అన్న విషయాలను ఏ మతం పక్షమూ వహించకుండా పరిశీలించే విద్య ఇది. ఇంగ్లండులో ఈ పేరుతో మొదటి ప్రత్యేక విభాగాన్ని 1967లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో నినియన్ స్మార్ట్ ప్రారంభించారు. మన దేశంలో పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయంలో కూడా అదే కాలంలో మతాల అధ్యయన విభాగం ఏర్పడింది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, కొన్ని మైళ్ల దూరంలో శ్రీకూర్మం, అరసవల్లి ఆలయాలు, విజయనగరం పక్కన రామతీర్థంలో బౌద్ధ, జైన అవశేషాలు ఉన్న నేల మీద పెరిగిన పిల్లకు ఈ విషయం మీద మనసు పోవడంలో వింత ఏమీ లేదు. ఆ ఆసక్తిని దయచేసి చిన్నచూపు చూడకండి.

అయితే ఆసక్తి గొప్పదైనంత మాత్రాన దానికి ఏ ధర అడిగినా చెల్లించాలని కాదు. ఇంగ్లండులో ఈ పట్టాకు ఉన్న దారి ఒకటి, మన దగ్గర ఉన్న దారి మరొకటి. అక్కడ 1944 విద్యా చట్టం నాటి నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో మత విద్య తప్పనిసరి పాఠ్యాంశం కాబట్టి, ఈ విషయంలో పట్టా పొందినవారికి బడిపంతులు ఉద్యోగం సహజమైన గమ్యంగా ఉంటూ వచ్చింది. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధనను నిషేధించింది. మతాల గురించి విద్యాపరంగా తెలియజెప్పడం ఆ నిషేధం కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు ఇచ్చిన మాట నిజమే గానీ, ఆ తీర్పు వల్ల పాఠశాలల్లో కొత్త ఉపాధ్యాయ పోస్టులేవీ పుట్టలేదు. ఆ పట్టా పట్టుకుని తిరిగి వస్తే మన జిల్లాల్లో దానికి నేరుగా సరిపోయే ఉద్యోగం ఉండదన్నమాట.

అక్కడే ఉండి సంపాదించి రుణం తీరుస్తుందని మీరు అనుకుంటుంటే, ఆ లెక్క కూడా చూద్దాం. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కునేందుకు ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే ఎంఏ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. ఆ తర్వాత కొనసాగాలంటే ఏడాదికి సాధారణంగా 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవారికి కొన్ని షరతుల మీద 33,400 పౌండ్లు జీతమిచ్చే యజమాని దొరకాలి. బడిపంతులు కావాలంటే అక్కడి ఉపాధ్యాయ శిక్షణ మరో ఏడాది రుసుము కట్టి చేయాలి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు, కానీ ఇంటి పత్రాలు బ్యాంకు బీరువాలో పెట్టి ఎదురుచూడదగినంత ఖాయమైనదీ కాదు.

ఇక అసలు ఖర్చు. పౌండు 118 రూపాయలనుకుంటే 21 వేల పౌండ్ల రుసుము 24.78 లక్షలు. లండను బయట చదివేవారు నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు చూపించాలని వీసా నిబంధన చెబుతోంది. కానీ అమ్మాయి అక్కడ ఉండేది పన్నెండు నెలలు కాబట్టి, అదే లెక్కన 16.58 లక్షలు అవుతుంది. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది దాటిన వీసాకు ఏడాదిన్నర కట్టాలి కాబట్టి అది 1.37 లక్షలు. వీసా రుసుము, విమానం టికెట్టు, చలి దుస్తులు కలిపితే మొత్తం సుమారు 44 లక్షలకు చేరుతుంది. మీరు అనుకున్న 30 లక్షల రుణం చాలదు, జీపీఎఫ్ అంతా ఊడ్చి పెట్టాల్సి వస్తుంది.

ఆ 30 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకుందాం. గత ఏడాది ఒక తండ్రి రుణ మంజూరు పత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. చదువు అయ్యాక మరో ఏడాది వరకు ఏమీ కట్టనవసరం లేదన్న మాట పైన పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ కాలానికీ వడ్డీ లెక్కిస్తామన్న మాట కింద, స్టాంపు ముద్ర సగం కప్పేసిన చోట ఉంది. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. మీ విషయంలో ఆ రెండేళ్ల వడ్డీ సుమారు 6.6 లక్షలు. దాన్ని అసలులో కలిపితే 36.6 లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చడానికి నెలకు సుమారు 50,400 రూపాయలు కట్టాలి. మీ 59వ ఏట మొదలై 69వ ఏట ముగిసే వాయిదాలవి. 62కు పదవీ విరమణ చేస్తే, చివరి మూల వేతనంలో సగంగా వచ్చే పింఛనులోంచే ఏడేళ్లు కట్టాలి. మొత్తం చెల్లింపు 60 లక్షలు దాటుతుంది. ఆ వాయిదాల కాలంలోనే మీ అబ్బాయి చదువు పూర్తిచేసి స్థిరపడవలసి ఉంటుందని మరిచిపోకండి.

తోట గురించి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానాన్ని ఏం చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇన్నేళ్లూ మీరు నీళ్లు పోసి, ఎరువులు వేసి, ఆదాయం లేకుండా సాకిన తోటను అది తిరిగి ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాదే అమ్మడం, ధర సంగతి పక్కన పెట్టినా, ఆర్థికంగా చాలా తప్పు సమయం. పైగా వ్యవసాయ భూమిని విద్యా రుణానికి హామీగా చాలా బ్యాంకులు తీసుకోవు, కాబట్టి బేరమంతా ఇంటి మీదే పడుతుంది. తోటను ముట్టుకోవద్దు. ఇంటిని ఇంత పెద్ద మొత్తానికి తనఖా పెట్టవద్దు.

నా ఉద్దేశం అమ్మాయి ఈ చదువు మానుకోవాలని కాదు. ఈ విద్యకు డబ్బు ఎక్కడి నుంచి వస్తూ వచ్చిందో ఒకసారి చూడండి. సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని మొదటిసారి అచ్చువేసినప్పుడు ఖర్చు ఈస్టిండియా కంపెనీ భరించింది. 1890-92 మధ్య వచ్చిన రెండో ముద్రణకు డబ్బిచ్చింది మన విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజు గారు. అంతటి పండితుడు కూడా సొంత ఇల్లు తాకట్టు పెట్టి ఆ పని చేయలేదు. మతాల అధ్యయనం ఇప్పటికీ ఫెలోషిప్పుల మీద, విశ్వవిద్యాలయాల నిధుల మీద నడిచే విద్యే. అమ్మాయికి ఆ పోషణ దొరికే దారిలో నడవడమే మన ప్రణాళిక కావాలి.

మన దగ్గర ఆ పోషణ పేరు జేఆర్ఎఫ్, అంటే పరిశోధన విద్యార్థులకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. దానికి రాయాల్సిన జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం, బౌద్ధ-జైన-గాంధేయ-శాంతి అధ్యయనాలు, హిందూ అధ్యయనాలు విడివిడి సబ్జెక్టులుగా ఉన్నాయి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత మూడేళ్లు 42 వేలు ఇస్తారు. ఐదేళ్లకు కలిపితే సరిగ్గా 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఒక దారిలో మీ చేతిలోంచి 44 లక్షలు వెళ్తాయి, మరో దారిలో అమ్మాయి చేతికి 24 లక్షలు వస్తాయి. పోటీ గట్టిగా ఉంటుంది, 30 ఏళ్ల వయోపరిమితి ఉంది, కానీ 21 ఏళ్ల పిల్లకు ఏడాదికి రెండుసార్లు చొప్పున ఎన్నో ప్రయత్నాలు చేతిలో ఉన్నాయి.

ఎంఏ ఎక్కడ చేయాలన్న దాని కంటే పట్టా మీద ఏ సబ్జెక్టు పేరు ఉంటుందన్నది ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. నలంద విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనాలు, ఢిల్లీలో బౌద్ధ విభాగం, 2022లో మొదలైన కాశీ హిందూ విశ్వవిద్యాలయపు హిందూ అధ్యయనాల ఎంఏ, పుణెలో పాళీ (తొలి బౌద్ధ గ్రంథాల భాష) విభాగం అన్నీ మంచివే. కానీ మన రాష్ట్రంలో జూనియర్ లెక్చరర్ పోస్టులు చరిత్రకు, సంస్కృతానికి ఉంటాయి, మతాల అధ్యయనానికి ఉండవు. కాబట్టి ఎంఏ చరిత్రలోనో, సంస్కృతంలోనో చేసి, ప్రత్యేకాంశంగా, సిద్ధాంత వ్యాసంగా బౌద్ధాన్నో, ఆలయ చరిత్రనో ఎంచుకుంటే పరిశోధన దారీ, ఉద్యోగం దారీ రెండూ తెరిచి ఉంటాయి. పక్కన పాళీ నేర్చుకోమనండి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ విషయంలో పీహెచ్‌డీకి ఎంపికైనవారికి సాధారణంగా రుసుము మాఫీ చేసి, జీవన భృతి కూడా ఇస్తారు. అక్కడ అభ్యర్థిని నిలబెట్టేది మూల భాషల్లో ఉన్న పట్టు. నెలకు రెండు మూడు వేలు భాషా శిక్షణకు పెడితే, ఈ ప్రణాళికలో అంతకంటే మంచి పెట్టుబడి లేదు.

పరిశోధన కుదరకపోయినా ఈ చదువు వృథా పోదు. సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో 500 మార్కుల ఐచ్ఛికంగా తత్వశాస్త్రం తీసుకుంటే, రెండో పేపరులో ఒక పెద్ద భాగం మత తత్వశాస్త్రమే. ఏపీపీఎస్సీ నిర్వహించే దేవాదాయ శాఖ గ్రేడ్-3 కార్యనిర్వహణాధికారి పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, హిందువులై ఉండాలి, అందులో ఒక పేపరు హిందూ తత్వశాస్త్రం, దేవాలయ వ్యవస్థ మీదే ఉంటుంది. మీ అమ్మాయికి సగం సిలబస్ ఇప్పటికే ఇష్టమైన విషయం.

డబ్బు ఇలా సర్దుకోండి. సుకన్య ఖాతా 2036 వరకు నడుస్తుంది గానీ, 18 ఏళ్లు దాటాక ఉన్నత చదువు కోసం గత ఆర్థిక సంవత్సరాంతపు నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అంటే సుమారు 3 లక్షలు, ప్రవేశ పత్రం, రుసుము రసీదు చూపించి, ఒకేసారి లేదా ఏడాదికొకసారి. రుసుములకు అది వాడండి. హాస్టలు, భోజనానికి జీతంలోంచి నెలకు 12 వేలు పక్కన పెట్టండి. ఖరీదైన సంస్థలో సీటు వస్తే, కేంద్ర విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఆ సంస్థ ఉందేమో చూడండి, ఉంటే తనఖా, హామీదారు లేకుండా రుణం వస్తుంది. మీ కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటుతుంది కాబట్టి 3 శాతం వడ్డీ రాయితీ మాత్రం రాదు. విద్యా రుణం వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. జీపీఎఫ్‌ను కదపవద్దు, అది అబ్బాయి చదువుకు, మీ పదవీ విరమణకు.

అమ్మాయి ఇంగ్లండే కావాలంటే, ఈ నెల 3 వేల పౌండ్లు కట్టకుండా, ప్రవేశాన్ని ఏడాది వాయిదా వేయమని విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయమనండి. ఆ ఏడాదిలో ఆక్స్‌ఫర్డ్, లండనులోని సోయాస్, రీడింగ్ విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థులకు రుసుము, జీవన వ్యయం రెండూ భరించే ఫెలిక్స్ ఉపకారవేతనానికి దరఖాస్తు చేయవచ్చు. పూర్తి ఉపకారవేతనం వస్తే సంతోషంగా పంపండి. పాక్షికంగా వస్తే, మీ వాటా 10 లక్షలు మించకూడదన్న గీత ఇప్పుడే గీసి అమ్మాయికి చెప్పండి. విదేశాలకు సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది కాబట్టి కూడా ఆ గీత సౌకర్యమే.

వాయిదా ఉత్తరం నెలాఖరుకు కనీసం వారం ముందు వెళ్లాలి. ఈ లెక్కల కాగితం అమ్మాయి ముందు పెట్టి, 69వ ఏట ముగిసే వాయిదాల వరసను ఆమె చేతే కూడించండి. ఆ కాగితంతో ఇద్దరూ విజయనగరం వస్తే, ఎంఏ దరఖాస్తుల తేదీలు, నెట్ సిలబస్ దగ్గర పెట్టుకుని కూర్చుందాం.