కిడ్నీ మార్పిడి తర్వాత మాత్రలు తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. మా ఆయన వయసు 38. ఎరువుల అంగడి నడుపుతారు. ఏడాది కిందట బెంగళూరులో కిడ్నీ మార్పిడి చేయించాం. మా అత్త కిడ్నీ ఇచ్చింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.1కి దిగింది, మనిషి బాగా కోలుకున్నారు. ఈమధ్య మాత్రం ‘బాగానే ఉన్నా కదా, ఇన్ని మాత్రలెందుకు’ అంటూ రాత్రి మాత్రలు అప్పుడప్పుడు మానేస్తున్నారు. మూడు నెలలుగా రక్త పరీక్ష కూడా చేయించుకోలేదు. అమ్మ కిడ్నీయే కాబట్టి ఒంటికి పడకుండా పోదని ఆయన నమ్మకం. ఇన్ని మందులు మింగితే ఈ కిడ్నీ కూడా పోతుందని చుట్టాలు అంటున్నారు. ఒకరైతే పసరు మందు తెచ్చిస్తామంటున్నారు. మాత్రలు తగ్గించవచ్చా? తిండి, నీళ్ల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, తగ్గించకూడదు. ఒక్క మాత్రైనా, ఒక్క పూటైనా సొంతంగా తగ్గించకూడదు. ముందు రేపు పొద్దున్నే ఆయనకు క్రియాటినిన్, టాక్రోలిమస్ లెవెల్ (కొత్త కిడ్నీ మీద ఒళ్లు దాడి చేయకుండా ఆపే మందు రక్తంలో ఎంత ఉందన్న లెక్క), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి. మాత్రలు మానేసిన సంగతి బెంగళూరు డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని చాలామంది దాస్తారు. అలా దాస్తే, లెవెల్ తక్కువ వచ్చినప్పుడు డోసు చాలడం లేదనుకుని డాక్టర్ పెంచుతారు. తర్వాత మీ ఆయన సరిగ్గా వేసుకోవడం మొదలుపెట్టగానే ఒంట్లో మందు ఎక్కువైపోతుంది. మేం తిట్టడానికి కాదు, లెక్క తప్పకుండా ఉండటానికి అడుగుతాం.

అమ్మ కిడ్నీ అన్న ధైర్యం గురించి. మనలో సగం జన్యువులు అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. కాబట్టి మీ అత్తగారి కిడ్నీలో సగమే ఆయన ఒంటికి సొంతం, మిగతా సగం పరాయిదే. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. ఇచ్చినాయన, తీసుకున్నాయన అచ్చంగా ఒకే పోలిక కవలలు. ఇద్దరి జన్యువులూ ఒకటే కాబట్టి ఆ కిడ్నీని ఒళ్లు పరాయిదనుకోలేదు. అలాంటి కవలలకు తప్ప, కిడ్నీ ఇచ్చింది అమ్మైనా, తోడబుట్టినవారైనా మందులు ఆపే వీలు లేదు. ఆ కిడ్నీ పనిచేసినంత కాలం వాడాల్సిందే.

ఆయన బాగున్నది ఆ మాత్రలు పనిచేస్తున్నందువల్లే. ఒళ్లు కిడ్నీ మీద దాడి మొదలుపెట్టినా మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. క్రియాటినిన్ మాత్రం 1.1 నుంచి 1.4కి, అక్కడి నుంచి 1.8కి పాకుతుంది. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, కిడ్నీ అమర్చిన చోట పొత్తికడుపులో నొప్పి కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉండవచ్చు. తొందరగా పట్టుకుంటే చాలావరకు ఇంజెక్షన్లతో అదుపు చేయగలం. ఆలస్యమైతే మళ్లీ డయాలసిసే దిక్కు కావచ్చు. ఏడాది దాటినవారికి కూడా రెండు మూడు నెలలకోసారి పరీక్షలు తప్పవని అందుకే అంటాం. మాత్రలు మానేసిన మనిషికి అంత గడువు కూడా లేదు.

మందులతోనే కిడ్నీ పోతుందన్న మాటలో కొంచెం నిజం ఉంది. టాక్రోలిమస్ మోతాదు మించితే కిడ్నీకి చేటే. చేతులు వణుకుతాయి, టీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతుంది, షుగర్, బీపీ పెరుగుతాయి. అలాగని మానేస్తారా? లెవెల్ చూసి డోసు సరిచేయడం మా పని. ఆ పరీక్షకు రక్తం ఇవ్వడంలోనే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఉదయం 8 గంటలకు మాత్ర వేసుకుని, టిఫిన్ చేసి, 9 గంటలకు ల్యాబ్‌కు వెళ్తారు. అప్పుడు లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది, అది చూసి డోసు తగ్గిస్తే అసలుకే మోసం. ఉదయం మాత్ర వేసుకోకముందే, అంటే రాత్రి వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లమనండి. రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోవచ్చు.

రాత్రి మాత్ర ఎందుకు తప్పుతోందో కూడా గమనించండి. అంగడి మూసి ఇంటికొచ్చేసరికి ఆలస్యమవుతోందా? అయితే 12 గంటల తేడా చెడకుండా రెండు పూటల వేళలూ మార్చుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఫోన్‌లో అలారం పెట్టండి, ఒక రోజు మాత్రలు అంగడిలో కూడా ఉంచండి. ఎప్పుడైనా మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే అది వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు. మెడికల్ షాపులో స్టాక్ లేదని వేరే కంపెనీ టాక్రోలిమస్ ఇస్తే తీసుకోకండి. కంపెనీ మారితే లెవెల్ మారవచ్చు, మళ్లీ పరీక్ష చేయాలి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కూడా ఉన్నపళంగా ఆపితే ప్రమాదం.

ఖర్చు భారమై మానేస్తున్నారేమో కూడా నెమ్మదిగా అడగండి, మగవాళ్లు ఆ మాట ఇంట్లో తొందరగా చెప్పరు. కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో మీకు ఏవి వర్తిస్తాయో, ఆ పథకం తరఫున ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కనుక్కోండి. బెంగళూరు ప్రతిసారీ వెళ్లలేకపోతే, అక్కడి డాక్టర్‌తో మాట్లాడి ఫైలు తీసుకుని తిరుపతి స్విమ్స్‌లో చూపించుకోవచ్చు. అక్కడా కిడ్నీ మార్పిడులు చేస్తారు.

పసరు మందు ఇంటి గడప తొక్కనివ్వకండి. అందులో ఏ ఆకు ఉందో, ఏ లోహం కలిసిందో ఇచ్చేవాళ్లకే తెలియదు. కొన్ని మూలికలు నేరుగా కిడ్నీని దెబ్బతీస్తాయి. తిప్పతీగ, అశ్వగంధ లాంటి ఇమ్యూనిటీ పెంచే కషాయాలూ, పొడులూ కూడా వద్దు. మనం మాత్రలతో అణచి ఉంచుతున్నది ఆ ఇమ్యూనిటీనే.

మోకాలు నొప్పికో, తలనొప్పికో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వాడకూడదు. పారాసిటమాల్ చాలు. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్, తామరకు వాడే ఫ్లూకోనజోల్ మాత్రలు టాక్రోలిమస్‌ను అమాంతం పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్, కొన్ని ఫిట్స్ మందులు తగ్గించేస్తాయి. ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినా ‘నాకు కిడ్నీ మార్పిడి అయింది’ అన్నది మొదటి మాట కావాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. విరేచనాలైనా అంతే. నీళ్లు పోవడం ఒకటైతే, ఆ సమయంలో ఒంట్లో టాక్రోలిమస్ పెరగడం మరొకటి.

తిండి గురించి అంత టెన్షన్ వద్దు. సంగటి, పప్పు, బాగా ఉడికిన నాటుకోడి కూర అన్నీ తినవచ్చు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. రాత్రంతా నానిన సద్దన్నం, బండి మీద కోసి పెట్టిన పండ్లు, హోటల్ పచ్చి చట్నీ మానేయాలి. చీనీ కాయలు పరవాలేదు, షుగర్ ఉంటే రసం తీయకుండా తినాలి. పంపరపనస మాత్రం ముట్టకూడదు, అది మందు లెవెల్‌ను పెంచుతుంది. డాక్టర్ నీళ్లకు హద్దు పెట్టి ఉండకపోతే రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగాలి. మన కడప జిల్లా ఎండల్లో రేకుల కింద కూర్చునేవారికి ఇంకా కావాలి. మూత్రం రంగు ముదిరిందంటే నీళ్లు చాలలేదనే లెక్క. అంగడిలో మూటలు దించేటప్పుడు మాస్క్ ఉండాలి, పురుగు మందులు ఆయన ముట్టుకోకూడదు. కడప పెద్ద దర్గా ఉరుసు లాంటి జనసందోహంలోకి వెళ్లినా మాస్క్ పెట్టుకోవాలి.

మీ అత్తగారి ఆరోగ్యం గురించి మీరేమీ రాయలేదు. ఒక్క కిడ్నీతో ఆమె మామూలుగానే బతకవచ్చు, కానీ ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ చూపించుకోవాలి. నొప్పి మాత్రలు ఆమెకూ వద్దు. రేపు ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు ఆమెను కూడా తీసుకెళ్లండి.