40 అడుగుల గోడ ప్రింట్‌లో 28 అడుగులే వస్తోంది!

ప్రశ్న: 30×40 అడుగుల స్థలంలో ఇంటికి ఆటోక్యాడ్‌లో ప్లాన్ గీశాను. 1:100 స్కేలులో ఏ3 సైజు పీడీఎఫ్ చేసి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. మేస్త్రి స్కేలు పెట్టి కొలిస్తే 40 అడుగుల గోడ 28 అడుగులే వస్తోంది. పసుపు గీతలు దాదాపు కనిపించడం లేదు. కొన్ని గీతలైతే అసలు రానేలేదు. మంచి ప్రింటర్ ఉన్న షాపు వెతుక్కోవాలా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: షాపు మార్చినా ఇదే జరగొచ్చు. మీరు రాసిన 28 అనే అంకెలోనే కారణం ఉంది. ఏ3 బొమ్మను ఏ4 కాగితంలో ఇరికిస్తే ప్రతి కొలతా దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. 40లో 71 శాతం అంటే 28 చిల్లర. మీ చేతికొచ్చిన కాగితాన్ని ఒకసారి కొలవండి, 297×210 మిల్లీమీటర్లు ఉంటే అది ఏ4.

షాపులో పీడీఎఫ్ తెరవగానే ప్రింట్ పెట్టెలో 'ఫిట్' అని ఉంటే, బొమ్మ కాగితానికి తగ్గట్టు దానంతటదే కుదించుకుపోతుంది. ఏ3 కాగితమే పెట్టించి, 'యాక్చువల్ సైజ్' ఎంచుకోమని చెప్పండి. కాగితం ఏ3 అయినా 'ఫిట్' ఉంటే అంచుల ఖాళీ కోసం కొంత కుదించే అవకాశం ఉంది, కాబట్టి రెండూ చెప్పాల్సిందే.

ఆటోక్యాడ్‌లోనూ ఇలాంటి మీటే ఒకటి ఉంది. ప్లాట్ (ప్రింట్) పెట్టెలో 'ఫిట్ టు పేపర్' టిక్ తీసేసి, ప్లాన్ గీసిన మోడల్ ట్యాబ్ నుంచే నేరుగా ప్రింట్ ఇస్తుంటే 1:100 ఇవ్వండి. అక్కడే మిల్లీమీటర్లా, అంగుళాలా అన్నది చూసుకోవాలి. మన దగ్గర చాలామంది అంగుళాల్లో గీస్తారు. అలా గీసిన ప్లాన్‌కు మిల్లీమీటర్లు ఉంచి 1:100 ఇస్తే, 480 అంగుళాల గోడ కాగితం మీద 4.8 మిల్లీమీటర్లే పడుతుంది. ఇల్లు మొత్తం బియ్యపు గింజంత! అంగుళాలు ఎంచుకుంటే అదే గోడ 4.8 అంగుళాలు, అంటే దాదాపు 122 మిల్లీమీటర్లు వస్తుంది. సరైన కొలత అదే.

నేను ప్రతి షీటులో తప్పకుండా చేసే పని ఒకటి చెబుతాను. లేఅవుట్‌లో (ప్రింట్ కోసం కాగితాన్ని అమర్చుకునే ట్యాబ్), టైటిల్ బ్లాక్ (ప్లాన్ పేరు, వివరాలు రాసే గడి) పక్కన, సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీసి పక్కన '100 మి.మీ.' అని రాయండి. లేఅవుట్‌ను మాత్రం 1:1లో ప్లాట్ చేయండి, అందులో ప్లాన్ కనిపించే కిటికీలోనే (వ్యూపోర్ట్) ప్లాన్ 1:100కు కుదిరి ఉండాలి. ప్రింట్ రాగానే షాపు కౌంటర్ దగ్గరే మామూలు స్కేలు పెట్టి కొలవండి. 71 వస్తే ఏ4లోకి కుదించారన్నమాట. 95, 97 వస్తే అంచుల కోసం కుదించారన్నమాట. 100 వచ్చాకే డబ్బులివ్వండి.

పసుపు సంగతి తేలికే. నల్లటి తెర మీద మెరిసే పసుపు తెల్ల కాగితం మీద వెలిసిపోతుంది. ప్లాట్ పెట్టెలో ప్లాట్ స్టైల్ టేబుల్ దగ్గర 'మోనోక్రోమ్ సీటీబీ' ఎంచుకుంటే రంగులన్నీ నలుపులో పడతాయి. మీ ఫైల్ ఎస్‌టీబీ పద్ధతిలో ఉంటే 'మోనోక్రోమ్ ఎస్‌టీబీ' కనిపిస్తుంది.

ఇక మాయమైన గీతలు. తెర మీద ఏదో ఒకదాన్ని క్లిక్ చేసి, అది ఏ లేయర్‌లో (గీతలను విడివిడిగా ఉంచే పొర) ఉందో చూడండి. 'డెఫ్‌పాయింట్స్' అని వస్తే దొంగ దొరికినట్టే. డైమెన్షన్లు (కొలతల అంకెలు) వేసేటప్పుడు ఆటోక్యాడ్ దానంతటదే సృష్టించే లేయర్ అది, అందులో ఉన్నది తెర మీద కనిపిస్తుంది కానీ ప్రింట్ కాదు. పొరపాటున అందులో గీసిన వాటిని గోడల లేయర్‌కు మార్చేయండి. వేరే లేయర్ అయితే, లేయర్ల జాబితాలో దాని ఎదుట ప్రింటర్ బొమ్మ మీద అడ్డగీత ఉందేమో చూసి, ఉంటే క్లిక్ చేసి తీసేయండి.

మేస్త్రి స్కేలు పెట్టి కొలవాల్సి వచ్చిందంటే, ఆ గోడ పక్కన అంకె లేదనే అనుకుంటున్నాను. కొత్త ప్రింట్ తీసేముందు ప్రతి గోడకూ, స్తంభానికీ డైమెన్షన్ వేయండి. ఇప్పుడు సైట్‌లో ఉన్న పాత ప్రింట్‌ను మాత్రం ఈరోజే వెనక్కి తీసుకోండి. దాన్ని చూసి ఎక్కడైనా ముగ్గు పోసి ఉంటే, మట్టి తీయకముందే టేపుతో మళ్లీ కొలిపించండి.